ఆ మెసేజ్‌లను మొత్తం చదివిందెవరు?

మెసేజ్‌లతో ఒక అమ్మాయిని వేధించినందుకు కింది కోర్టులో శిక్ష పడిన మనిషి తరఫున నేను అప్పీలు వాదిస్తున్నానని తెలిసి మా పెద్దక్క మొదట నమ్మలేదు. నమ్మాక, "ఇంట్లో ఎదిగిన ఆడపిల్లను పెట్టుకుని ఆ కాగితాలు ఎలా చదువుతున్నావే?" అని నిలదీసింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్నాను కాబట్టి ఆ ఫైలు నా దగ్గరకు వచ్చిందనీ, వద్దనే అవకాశం ఉన్నా అనలేదనీ చెప్పాను. నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషే అనబోతుంటే మధ్యలోనే అందుకుంది: "రుజువైందనే కదా జడ్జిగారు శిక్ష వేసింది? ఇంకా ఏం మిగిలిందని?"

వకీళ్లం ఈ ప్రశ్నకు అలవాటుగా హక్కుల మాట చెబుతాం. శిక్ష పడిన వ్యక్తికి తీర్పు ప్రతిని ఉచితంగా ఇవ్వడం, అప్పీలుకు న్యాయ సహాయం అందించడం రాజ్యం బాధ్యతలని 1978లో హోస్కోట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష మీద అప్పీలు చేసుకునే హక్కు జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని 2007లో దహనూకర్ కేసులో చెప్పింది. రెండూ నిజమే. కానీ అప్పీలు హక్కు ఉందా లేదా అని మా అక్క అడగలేదు. ఒకసారి చూసిన సాక్ష్యంలో రెండోసారి చూడవలసిందేముందని అడిగింది.

నేను చూసిన ఫైళ్ల మేరకు నా జవాబు ఇది. మెసేజ్‌ల కేసుల్లో చాలాసార్లు ఆ మెసేజ్‌లను మొదటి నుంచి చివరి దాకా, వచ్చిన వరుసలో, ఎవరూ చదివి ఉండరు. ఫిర్యాదు రాసిన స్టేషన్ రైటరు, ఛార్జిషీటు వేసిన అధికారి, సాక్షిని విచారించిన ప్రభుత్వ వకీలు (ఏపీపీ), ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేసిన డిఫెన్సు వకీలు, తీర్పు రాసిన మేజిస్ట్రేటు, అందరూ నాలుగైదు వాక్యాల మీదే కేసును నడిపిస్తారు. శిక్ష పడ్డాక అప్పీలు వేసిన వకీలు కూడా వాటిని చదవకుండా, ఆ ప్రింట్లు ఫలానా ఫోను నుంచి తీసినవేనన్న సర్టిఫికెట్ ఉందా లేదా అని మాత్రం చూస్తారు. ఈ కేసుల్లో అప్పీలుకు అర్థం మళ్లీ, ఈసారి పూర్తిగా, చదవడమే అయి ఉండాలని నా వాదన. ఆ చదవడం నిందితుడికే పనికొస్తుందని అనుకోకండి. చాలాసార్లు అది అతడి మెడకే చుట్టుకుంటుంది. నా కేసులో అదే జరిగింది.

ముందే ఒక మాట. ఈ వ్యాసంలోని కేసు వివరాలను ఎవరినీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. వాదనకు అవసరమైన అంశాలను మాత్రం మార్చలేదు.

జిరాక్సులో రంగులుండవు

ఆ ఫైల్లో మెసేజ్‌లంటూ అందరూ చూసింది ప్రాసిక్యూషన్ దాఖలు చేసిన నాలుగో సాక్ష్యపత్రం, ఎగ్జిబిట్ పి-4 ఒక్కటే. ఫోన్ తెరను ఫొటో తీసి, నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, దానికి మళ్లీ జిరాక్సు తీసిన కాగితాల కట్ట అది. వాట్సాప్‌లో మనం పంపినవి కుడివైపు ఆకుపచ్చ గడుల్లో, మనకు వచ్చినవి ఎడమవైపు తెల్ల గడుల్లో కనిపిస్తాయి. నలుపు తెలుపు జిరాక్సులో ఆ రెండూ కలిసి ఒకే బూడిద రంగు అయ్యాయి. ఒక పేజీలో రెండేసి తెరలు పట్టించాలని అంచులు కత్తిరించారు గనక కొన్నిచోట్ల కుడి ఎడమలు కూడా పోయాయి. టైములు కనిపిస్తున్నాయి గానీ తేదీలు రెండు మూడు చోట్ల తప్ప లేవు. ఫోన్లో అయితే తెరను పైకి జరిపి తేదీ చూసుకుంటాం, కాగితాన్ని అలా జరపలేం. పైభాగంలో నంబరుకు బదులు పేరు ఉంది. ఆ పేరు ఫోను సొంతదారు తన కాంటాక్టుల్లో పెట్టుకున్నది; ఎవరి నంబరునైనా ఎవరైనా ఏ పేరుతోనైనా సేవ్ చేసుకోవచ్చు. ఒక పేజీలో వరుసగా మూడు చోట్ల మెసేజ్ డిలీట్ చేసిన గుర్తు ఉంది. వాటిని ఎవరు చెరిపారో, అందులో ఏముండేదో సాక్షుల వాంగ్మూలాల్లో ఒక్క ప్రశ్న కూడా లేదు.

ఇవి చిల్లర లోపాలుగా అనిపించవచ్చు. కానీ ఐపీసీ 354-డి, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 78, దేన్ని నేరమంటోందో ఒకసారి చూడండి. స్త్రీ తనకు ఆసక్తి లేదని స్పష్టంగా తెలియజేసిన తర్వాత కూడా, పరిచయం పెంచుకోవడానికి పదే పదే ఆమెను సంప్రదించడం లేదా సంప్రదించడానికి ప్రయత్నించడం నేరం. అంటే ఈ నేరం ఒక వరుస మీద నిలబడి ఉంది. ఆమె వద్దన్నది ఎప్పుడు, అతడు పంపింది ఎప్పుడు, ఆ తర్వాత ఎన్నిసార్లు? తేదీల్లేని, రంగుల్లేని, కత్తిరించిన కాగితాల్లో సరిగ్గా ఆ వరుసే కనిపించదు. మెసేజ్ అసభ్యంగా ఉందా లేదా అన్నది ఈ సెక్షనుకు ముఖ్యం కాదు. "తిన్నావా?" అన్న మాట కూడా, వద్దన్న తర్వాత రాత్రి పదకొండుకు రోజూ వస్తే నేరమవుతుంది. వద్దనక ముందు వస్తే కాదు.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఐటీ చట్టం 66-ఎ పడిపోవడానికీ, 354-డి నిలబడి ఉండడానికీ తేడాను నేను ఇక్కడే చూస్తాను. 66-ఎ అవతలి మనిషికి చిరాకు కలిగిందా, అసౌకర్యం కలిగిందా అని అడిగేది. ఆ చిరాకుకు కొలత లేదు. 354-డి అడిగేది వద్దన్న మాట ఎక్కడుందని. ఆ మాట తేదీని ఎవరూ వెతక్కుండా, ప్రింట్లు తిరగేసి "పదే పదే పంపినట్టు కనబడుతోంది" అని శిక్ష వేసేస్తే, కొట్టేసిన పాత సెక్షనును కొత్త నంబరు కింద మళ్లీ నడిపినట్టే అవుతుంది. కొట్టేసిన ఏడేళ్లకు, 2022 అక్టోబరులో కూడా, 66-ఎ కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయకూడదని సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. అలవాట్లు అంత త్వరగా పోవు.

నా ఫైల్లో మేజిస్ట్రేటు గారి తీర్పు అలాగే సాగింది. 354-డి, స్త్రీ శీలాన్ని అవమానించే మాటలకు వర్తించే 509, ఈ రెండింటి కిందా దోషి అన్నారు. ఏడాది జైలు, జరిమానా విధించారు. వద్దన్న మాట ఎప్పుడు అన్నారో తీర్పులో ఎక్కడా లేదు. ఫిర్యాదుదారు కోర్టులో "ఎన్నోసార్లు వద్దని చెప్పాను" అన్నారు. డిఫెన్సు వకీలు అది అబద్ధమని సూచించారు, ఆమె కాదన్నారు. మన క్రాస్ ఎగ్జామినేషన్లు చాలావరకు ఈ తంతుతోనే ముగుస్తాయి.

సర్టిఫికెట్ అనే దగ్గరి దారి

కింది కోర్టులో కేసు నడిపిన యువ వకీలు నాకు ఫైలు అప్పగిస్తూ ఎంతో ధీమాగా, "మేడం, 65-బి సర్టిఫికెట్ లేదు, ఇదొక్కటి చాలు" అన్నాడు. ఆ ధీమాకు కారణముంది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా తీసుకోవాలంటే సాక్ష్య చట్టం 65-బి(4) కింద సర్టిఫికెట్ తప్పనిసరని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో షఫీ మహమ్మద్ కేసు దాన్ని కొంత సడలించగా, 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సడలింపును తోసిపుచ్చింది. అసలు ఫోనునే కోర్టు ముందు పెట్టి, దాని సొంతదారు సాక్షి బోనులోకి వచ్చి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ఇంకా ముందుకు వెళ్లి, సర్టిఫికెట్‌ను రెండు భాగాలు చేసి, రెండోది నిపుణుడు నింపాలనీ, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలనీ అంటోంది.

ఆ యువకుడు చూడనిది 2017 నాటి సోనూ వర్సెస్ హర్యానా తీర్పు. సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరం రుజువు చేసే పద్ధతికి సంబంధించినది గనక, కింది కోర్టులో ఆ కాగితాన్ని మార్కు చేస్తున్నప్పుడే లేవనెత్తాలనీ, అప్పుడు ఊరుకుని అప్పీలులో మొదటిసారి లేవనెత్తడం కుదరదనీ ఆ తీర్పు సారాంశం. అప్పుడే అడిగి ఉంటే ప్రాసిక్యూషన్ ఆ లోపాన్ని సరిదిద్దుకునేది కదా అన్నది అందులోని తర్కం. ఎగ్జిబిట్ పి-4 మార్కు చేసిన రోజు నమోదైన సాక్షి వాంగ్మూలంలో (డిపాజిషన్‌లో) "అభ్యంతరంతో" అన్న మాట ఉందేమోనని వెతికాను. లేదు.

ఈ సర్టిఫికెట్ నియమం మీద నాకు రెండు మనసులున్నాయి. స్క్రీన్‌షాట్లను తయారు చేసిపెట్టే యాప్‌లు పిల్లల ఫోన్లలో కూడా ఉన్న కాలంలో, కాగితం చూపించి ఒక మనిషిని జైలుకు పంపే ముందు ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం సాంకేతికత కాదు, కనీస జాగ్రత్త. కానీ ఆ సర్టిఫికెట్ చెప్పేదేమిటి? ఫలానా యంత్రం సరిగా పనిచేస్తోంది, ఈ నకలు దాని నుంచి తీసిందే అని. ఆ మెసేజ్ ఎవరి చేతి వేళ్లు టైపు చేశాయో చెప్పదు. దానికి ముందూ వెనకా ఏముందో అంతకన్నా చెప్పదు. కాల్ డేటా రికార్డులో వాట్సాప్ సంభాషణ కనిపించదు. సిమ్ ఎవరి పేరున ఉందో కస్టమర్ ఫారం చెబుతుంది గానీ ఫోను ఎవరి జేబులో ఉందో చెప్పదు. సంభాషణ మొత్తం ఎన్‌క్రిప్షన్‌లో నడుస్తుంది కాబట్టి అందులోని మాటలు కావాలంటే ఆ ఇద్దరి ఫోన్లలో ఒకదాన్ని తెరవక తప్పదు. సర్టిఫికెట్ దొరికితే శిక్ష ఖరారు, దొరక్కపోతే విడుదల అన్నట్టు కేసులు నడుస్తుంటే ఈ ప్రశ్నలన్నీ పక్కకు పోతున్నాయి. సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో బయటపడిన నిజమైన వేధింపుదారుడు ఊళ్లో "కోర్టే తప్పు చేయలేదంది" అని చెప్పుకు తిరుగుతాడు. సర్టిఫికెట్ ఉన్నందుకు మాత్రమే శిక్ష పడిన మనిషి, తన మాట ఎవరూ వినలేదని చచ్చేదాకా అనుకుంటాడు. రెండో వాడి మాట నిజమైన సందర్భాలూ ఉన్నాయి.

మేజిస్ట్రేటు కోర్టు వేసిన శిక్ష మీద సాక్ష్యాన్నంతా తిరిగి తూచి చూసే అధికారం సెషన్స్ కోర్టుకు ఉంది. ఆ పైన హైకోర్టుకు వెళ్లేది రివిజన్; అక్కడ సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి తూచరు, తీర్పులో పెద్ద పొరపాటు ఉందా అని చూస్తారు. కాబట్టి ఇలాంటి కేసుల్లో మెసేజ్‌లను ఎవరైనా పూర్తిగా చదవగలిగే చివరి చోటు సెషన్స్ కోర్టే. ఆ అవకాశాన్ని సర్టిఫికెట్ వాదనతో గడిపేయడం నాకు సమ్మతం కాదు.

సీడీ తెరిచాక

రికార్డులో ఒక కవరు ఉంది. ఫిర్యాదుదారు ఫోనును పోలీసులు ఫోరెన్సిక్ ల్యాబుకు పంపగా నివేదికతో పాటు వచ్చిన సీడీ అది. లక్క సీలు ఒకవైపు పగిలి ఉంది గానీ లోపలి సీడీని ఎవరూ కోర్టులో ప్లే చేసిన జాడ లేదు. నివేదికలో చివరి పేజీ మాత్రమే మార్కు అయింది. దాన్ని తెరిచి చూడడానికి అనుమతి కోరుతూ పిటిషన్ వేశాను. కంప్యూటర్ సెక్షన్‌లో, ప్రభుత్వ వకీలు పీపీ గారి సమక్షంలో తెరిచారు. అందులో ఆ ఇద్దరి సంభాషణ మొత్తం, తేదీలతో, నంబర్లతో, వరుసగా ఉంది.

అప్పటిదాకా నా క్లయింటు ఒకటే చెబుతూ వచ్చాడు: ఇద్దరం మాట్లాడుకున్నాం మేడం, తనూ మెసేజ్ చేసేది, కావాలని నావి మాత్రమే ప్రింటు తీశారు. సీడీలో మొదటి ఏడెనిమిది నెలలు చదివినప్పుడు అతడు చెప్పింది అక్షరాలా నిజమనిపించింది. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు స్నేహితుల మాటలవి. క్యాంటీన్ గొడవలు, సెలవు లెటర్లు, ఒకరి తల్లి ఆపరేషను, పండక్కి ఊరెళ్లే బస్సు టికెట్లు. ఆమె పంపినవి అతడు పంపిన వాటికి తక్కువేమీ కావు. ఎగ్జిబిట్ పి-4లో వేధింపుగా చూపించిన మెసేజ్‌లలో దాదాపు సగం ఈ కాలానివే. వాటికి ఆమె నవ్వుతూ ఇచ్చిన జవాబులు కత్తిరింపులో పోయాయి. తీర్పులో వాటిని కూడా నేరం కింద లెక్కకట్టారు.

తర్వాత ఒక తేదీన ఆమె నాలుగు వాక్యాల మెసేజ్ పెట్టింది. తనకు అలాంటి ఉద్దేశం లేదని, ఈ మాట ఎత్తవద్దని ఇదివరకే ఫోన్లో చెప్పానని, ఇకమీదట ఆఫీసు పని ఉంటేనే మెసేజ్ చేయమని. అంత స్పష్టంగా, అంత మర్యాదగా రాసిన మాటను నేను మా కక్షిదారుల ఫోన్లలో అరుదుగా చూశాను. ఈ మెసేజ్ ఎగ్జిబిట్ పి-4లో లేదు! ప్రాసిక్యూషన్ కేసుకు ప్రాణం లాంటి మాటను ప్రాసిక్యూషనే కోర్టుకు చూపించలేదు, ఎందుకంటే ప్రింటు తీసిన వాళ్లు అసభ్యంగా ఉన్న వాటి కోసం వెతికారు తప్ప ముఖ్యమైన వాటి కోసం వెతకలేదు.

ఆ తేదీ తర్వాతి పేజీలు చదవడం కష్టమైంది. బూతులు లేవు. బతిమాలడం, చచ్చిపోతాననడం, ఆమె ఏ రంగు చీర కట్టుకుని ఏ బస్సెక్కిందో రాయడం, బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి రావడం, తెల్లవారుజామున మూడింటికి ఒక చుక్క మాత్రం పెట్టి పంపడం. ఆ చుక్కలకు ఆమె ఒక్కదానికీ జవాబివ్వలేదు. అవి వరుసగా ఎన్నో రాత్రులున్నాయి. కాగితం మీద ఒక చుక్క నేరంగా కనిపించదు. అందుకే ఎవరూ ప్రింటు తీయలేదు.

సీడీ తెరవమని అడిగింది నేను. మీరే మీ క్లయింటును ముంచారని తర్వాత బార్ రూములో ఒకరు ఎద్దేవా చేశారు. సీడీ అప్పటికే రికార్డులో భాగమనీ, పీపీ గారు ఏ రోజైనా దాన్ని తెరిపించి ఉండవచ్చనీ ఆయనకు చెప్పాను. తెరవకుండా వాదించి ఉంటే రెండు ఫలితాల్లో ఒకటి వచ్చేది: సగం తప్పుడు మెసేజ్‌ల మీద ఏడాది శిక్ష ఖాయమయ్యేది, లేదా సాక్ష్యం చాలదని అంతా కొట్టేసేవారు. రెండోది నా క్లయింటుకు లాభమే. వకీలుగా ఆ లాభాన్ని కోరడం నా విధి కాదా అన్న సందేహం నాకు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. తెరిపించే ముందు అతడిని కూర్చోబెట్టి, అందులో ఏముందో నీకు తెలుసు, నాకు తెలియదు, తెరవమంటావా అని అడిగాను. తెరవమన్నాడు. తాను రాసినవి అతడు కూడా వరుసగా మళ్లీ చదువుకోలేదని తర్వాత అర్థమైంది.

ఆమె వైపు నుంచి

నా వాదనకు బలమైన అభ్యంతరం బాధితురాలి వైపు నుంచి వస్తుంది, దాన్ని దాటవేయలేను. మొత్తం చదవాలి అంటే ఆమె స్నేహంగా ఉన్న రోజుల మాటలు కూడా కోర్టులో బయటపెట్టడమే. "అప్పుడు నవ్వింది కదా" అన్న వాదనకు మన కోర్టు హాళ్లలో ఎంత బలముందో నాకు తెలుసు. నేను ఆ వాదన చేయకపోయినా వినేవాళ్ల మనసులో అది మెదులుతుంది. పైగా అత్యాచారం కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న ఐపీసీ 228-ఎ రక్షణ 354-డికి వర్తించదు. తీర్పులు ఈ-కోర్ట్స్ పోర్టల్‌లో ఎక్కుతున్నాయి. ఆమె పేరు, ఉద్యోగం, అతడు రాసిన మాటలు కింది కోర్టు తీర్పుతో ఒకసారి, అప్పీలు తీర్పుతో ఇంకోసారి లోకానికి తెలుస్తాయి. అప్పీలు వాదనలు మొదలుపెట్టే ముందు ఆమె పేరు బదులు ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి అనే అర్థంలో పి.డబ్ల్యూ.1 అని మాత్రమే రాయాలని మెమో ఇచ్చాను. పీపీ గారు కూడా సరేనన్నారు. అది చట్టం అడిగినందువల్ల జరగలేదు, జడ్జిగారు మంచివారు గనక జరిగింది. చట్టమే అడగాలి.

రెండోది జాప్యం. శిక్ష మూడేళ్లకు మించకుండా ఉండి, విచారణ కాలంలో బెయిలుపై ఉన్నవాడికి, అప్పీలు వేసుకునే వ్యవధి కోసం కింది కోర్టే బెయిలు ఇస్తుంది. 354-డికి మొదటిసారి పడే శిక్ష మూడేళ్లకు మించదు. కాబట్టి ఆచరణలో తీర్పు వచ్చిన సాయంత్రం అతడు ఇంటికి వెళ్తాడు. ముప్పై రోజుల్లోగా సెషన్స్ కోర్టులో అప్పీలు వేసి శిక్షను సస్పెండ్ చేయించుకుంటాడు. ఆ తర్వాత వాయిదాలు. జరిమానాలోంచి ఆమెకు నష్టపరిహారం ఇమ్మని కింది కోర్టు చెప్పినా, అప్పీలు తేలేదాకా ఆ డబ్బు ఆమెకు అందదు. అప్పీలు వేశారన్న సంగతే ఆమెకు చాలాసార్లు ఎవరూ చెప్పరు, ఎందుకంటే అప్పీలులో ఎదుటి పక్షం రాష్ట్ర ప్రభుత్వం. బాధితులకు ప్రతి దశలోనూ వినిపించుకునే హక్కుందని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, జిల్లా కోర్టుల్లో ఆ నోటీసు ఇంకా అలవాటు కాలేదు.

మూడోది, మన ఊళ్లలో అందరికీ తెలిసినది, రాజీ. అప్పీలు పెండింగులో ఉన్న కాలమే పెద్దమనుషులకు పని. అతడికి పెళ్లి కుదిరింది, ముసలి తల్లి మంచాన పడింది, నీకూ రేపు పెళ్లి కావాలి కదమ్మా అంటూ ఇంటికి వస్తారు. చట్టప్రకారం 509ని కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు, 354-డిని చేసుకోలేరు. ఈ తేడా పెద్దమనుషులకు తెలియదు, తెలిసినా ఆగరు. నా క్లయింటు మేనమామ కూడా ఆమె ఇంటికి వెళ్లాడని తెలిసి క్లయింటును ఆఫీసుకు పిలిపించి, ఇంకోసారి ఎవరైనా ఆ గడప తొక్కితే వకాలత్ వెనక్కి ఇచ్చేస్తానని చెప్పాను. మెసేజ్‌లు ఆపమన్న మనిషి ఇంటికి మనుషులను పంపడం అదే నేరాన్ని ఇంకో దారిలో చేయడం కాదా?

అమెరికాలో 2023లో తేలిన కౌంటర్‌మన్ వర్సెస్ కొలరాడో కేసు గురించి అక్కడ చదువుకుంటున్న మా మేనకోడలు నాతో గట్టిగా వాదించింది. ఒక గాయనికి ఏళ్ల తరబడి ఫేస్‌బుక్‌లో వందల మెసేజ్‌లు పంపిన వ్యక్తి అతడు. ఆమె బ్లాక్ చేసినప్పుడల్లా కొత్త ఖాతా తెరిచాడు. ఆమె భయంతో కచేరీలు తగ్గించుకుంది. నాలుగున్నరేళ్ల శిక్ష పడింది. అప్పీలు మీద అప్పీలుగా అది సుప్రీంకోర్టుకు చేరగా, తన మాటలు బెదిరింపుగా అర్థమయ్యే ప్రమాదముందని తెలిసి కూడా లెక్కచేయలేదని కనీసం రుజువు చేయాలని చెబుతూ 7-2 మెజారిటీతో ఆ శిక్షను పక్కనపెట్టారు. "ఇదా మీ అప్పీళ్లు చేసేది?" అన్నది ఆమె ప్రశ్న. అక్కడ కేసు మాటల్లోని బెదిరింపు మీద నడిచింది, అందుకే పంపినవాడి మనసులో ఏముందన్న ప్రశ్న అంత పెద్దదైంది. వద్దన్నాక పదే పదే రావడాన్నే నేరంగా పెట్టుకున్న మన సెక్షను ఈ విషయంలో బాధితులకు ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. ఆమె మాట వినబడిందా లేదా అన్నది తేదీలే చెబుతాయి. కాకపోతే ఆ తేదీలను చూపించాలి.

శిక్ష ఆగినా ఆగనిది

అప్పీలు అంటే వేధించినవాడికి దొరికిన వెసులుబాటు అనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించరు. అప్పీలులో సస్పెండ్ అయ్యేది శిక్ష మాత్రమే, దోషి అన్న నిర్ధారణ అలాగే ఉంటుంది. దాన్ని కూడా ఆపాలంటే విడిగా, అసాధారణ కారణాలు చూపించి అడగాలి; కోర్టులు అరుదుగా ఇస్తాయి. ప్రభుత్వోద్యోగి అయితే 311(2)(ఎ) అధికరణం కింద శాఖాపరమైన విచారణ లేకుండానే తీసేయవచ్చు, అప్పీలు పెండింగులో ఉందన్నది అడ్డం కాదని 1995లో నాగూర్ మీరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీసా దరఖాస్తులో అరెస్టులు, శిక్షల గురించి అడిగే ప్రశ్నకు జవాబు రాయవలసి వచ్చినప్పుడు మా వైపు పిల్లల ముఖాలు ఎలా మారతాయో చూశాను. తప్పు చేసినవాడికి ఇవి తగినవే కావచ్చు. స్నేహపు రోజుల మెసేజ్‌లను కూడా కలిపి దోషి అన్నప్పుడు మాత్రం ఈ భారం లెక్క తప్పుతుంది.

ఇంకా ఘోరం, కోర్టు వరండాలో దొరికే ఉచిత సలహా: నేరం ఒప్పేసుకో, ఫైనుతో పోతుంది. ఒప్పుకున్నాక దోషి అన్న నిర్ధారణ మీద అప్పీలే ఉండదు, శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నదాని మీదే ఉంటుంది. ఫైను కట్టి ఇంటికెళ్లిన కుర్రాడికి ఈ సంగతి ఉద్యోగం పోయే రోజున తెలుస్తుంది.

నా కేసులో సెషన్స్ జడ్జి సీడీలోని సంభాషణను పూర్తిగా చదివారని తీర్పు చూస్తేనే తెలిసింది. ఆమె వద్దన్న తేదీకి ముందు మెసేజ్‌లన్నిటినీ నేరం పరిధి నుంచి తీసేశారు. వెంబడించడంతో పాటు సంప్రదిస్తేనే 354-డి వర్తిస్తుందని, ఉత్త మెసేజ్‌లకు వర్తించదని నేను చేసిన వాదనను, బస్సు, చీర సంగతులు రాసిన మెసేజ్‌లను చూపిస్తూ తిరస్కరించారు. 354-డి కింద దోషేనన్నారు. శీలాన్ని అవమానించే మాటలేవీ లేవంటూ 509ని కొట్టేశారు. జైలుకు బదులు సత్ప్రవర్తన షరతు మీద వదిలే ప్రొబేషన్ ఇవ్వడానికి నిరాకరించి, ఏడాది శిక్షను నాలుగు నెలలకు తగ్గించి, నష్టపరిహారం పెంచారు. క్లయింటు రివిజన్‌కు వెళ్తానంటున్నాడు. వెళ్లే హక్కు అతడికుంది, ఆ ఫైలు మాత్రం నేను చూడనని చెప్పాను.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ఇలాంటి అప్పీళ్లలో మొదటి గ్రౌండుగా సంభాషణ మొత్తాన్ని కోర్టు ముందు పెట్టలేదన్న అభ్యంతరం రాస్తున్నాను. రెండోది, వద్దన్న తేదీని కింది కోర్టు నిర్ధారించలేదని. మూడోది, ఫలానా మెసేజ్‌ల గురించి సాక్ష్యం మీద నిందితుడి వివరణ కోరే 313 పరీక్షలో అతడిని విడివిడిగా అడగలేదని. మెమో టైపు చేస్తూ జూనియరు ఈమధ్య అడిగింది: "మరి 65-బి గ్రౌండు వదిలేస్తున్నామా మేడం?" వదలడం లేదు. కింది కోర్టులో అభ్యంతరం చెప్పి ఉంటే దాన్ని వదులుకునే అధికారం నాకు లేదు, అది క్లయింటు హక్కు. ఐదో నంబరులో రాయమన్నాను.